ఆయిలింజను పుల్లీ విప్పుట, డీజిలు వేళ సరిచూచుట

మన చీరాల చుట్టుప్రక్కల నేల రెండు విధములు. సముద్రము వైపున ఇసుక. పడమరగా పర్చూరు దిక్కున నల్లరేగడి. ఇసుకనేలలో నీరు పైననే యుండును గాన బావి త్రవ్వుట సులభము, తోడుటయే కష్టము. పూర్వము ఏతములును మోటలును ఆ పని చేసినవి. తరువాత ఆయిలింజనులు వచ్చి వానిని మాన్పించినవి. పిదప విద్యుచ్ఛక్తి మోటారులు వచ్చి ఆయిలింజనులను చాలవరకు పాకల మూలలకు నెట్టినవి. అయినను కరెంటు తీగ చేరని చేలలోను, చేరియు కరెంటు రాని వేళలలోను ఆ పాత యింజనే దిక్కు. మిరపతోట పూతమీద నున్నపుడు నాలుగు దినములు నీరు తప్పినచో పూత రాలును. అపుడు బస్తీనుండి మెకానిక్కు వచ్చువరకు వేచియుండుట ఎంత భారమో మన విద్యార్థుల తండ్రులలో పలువురకు తెలియును. అందుచేత ఇంటివద్దనే చేసికొనదగిన రెండు పనులను గూర్చి ఇచ్చట వ్రాయుచున్నాము. ఒకటి పుల్లీ విప్పుట. రెండవది డీజిలు పడు వేళను సరిచేయుట. కొన్ని యింజనులలో పండ్లచక్రముల మూత పుల్లీ వెనుకనే యుండును గాన ఈ రెండును ఒకే దినమున తటస్థించుచుండును.

మొదట వేళ యన నేమో తెలియవలెను. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును మండించును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. పిస్టను గాలిని మిక్కిలిగా నొక్కుటచే ఆ గాలి కాగి, అందు చిమ్మబడిన డీజిలు తనంతట తాను అంటుకొనును. ఈ యుపాయమును కనిపెట్టిన జర్మను ఇంజనీరు రుడాల్ఫు డీజిలు. అతని యింజను 1897 లో ఆగ్స్‌బర్గు నగరమున పరీక్షకు నిలిచినది. మన జిల్లాలవారికి ఇంకొక ముచ్చట. 1900 లో పారిసు ప్రదర్శనమున ఈ జాతి యింజనొకటి వేరుసెనగ నూనెతో నడపబడినది. మన పొలములలో పండు కాయ నూనెయే!

డీజిలు చిమ్మబడిన వెంటనే మండదు. అంటుకొనుటకు రవంత కాలము పట్టును. కావున పిస్టను పైకొనకు చేరుటకు కొంచెము ముందుగనే చిమ్మవలెను. ఎంత ముందు? ఇంగ్లండులోని డర్స్లీ పట్టణమున తయారైన లిస్టరు ఇంజను మన దేశమున మిక్కిలి వాడుకలోనికి వచ్చినది. గుజరాతులోని రాజకోటలో దాని పోలిక యింజనులు విస్తారముగా చేయబడినవి. అందు 6 అశ్వబలముల దానికి సిలిండరు వెడల్పు 4½ అంగుళములు, పిస్టను నడక 5½ అంగుళములు, వేగము నిమిషమునకు 650 చుట్లు. దానికి వేళ పైకొనకు 20 డిగ్రీలు ముందు. నిమిషమునకు 650 చుట్లు తిరుగు చక్రము 20 డిగ్రీలు నడచుటకు పట్టు కాలమెంత? ఎనిమిదవ తరగతివారు లెక్కవేసి చూడవచ్చును: సెకనులో ఇంచుమించు 200 వ వంతు. అంత సన్నని కాలమును మనము గడియారముతో గాక కొలబద్దతో కొలువబోవుచున్నాము. ఇతర యింజనులకు అంకె వేరు. మీ యింజను రేకుమీదగాని దానితో వచ్చిన పుస్తకములోగాని యున్న అంకెయే మీకు ప్రమాణము.

ఇక పుల్లీ. పని మొదలిడుటకు ముందు ట్యాంకు కుళాయి కట్టి, బెల్టు తీసివేసి, వాల్వు నెత్తు మీటను ఎత్తి యుంచవలెను. లేనిచో సిలిండరులో నొక్కబడిన గాలి చక్రమును ఒక్కసారి వెనుకకు త్రోయును. చక్రము క్రింద ఇరువైపుల కఱ్ఱచీలికలు పెట్టుట మంచిది. పైపంచ, వ్రేలాడు వోణీ, వదులు చొక్కాచేతులు కలవారు ఈ పాకలోనికి రాకూడదు.

పుల్లీ షాఫ్టునకు రెండు విధములుగా బిగింపబడును. కొన్నింట షాఫ్టుకొన నట్టు ఉండును. ఆ నట్టును పానాతో వదులుచేసి, పూర్తిగా తీయక మూడు నాలుగు మరలపై నిలిపియుంచి, పిదప పుల్లరు తగిలించి లాగవలెను. నట్టు పూర్తిగా తీసిన పుల్లీ పట్టు వదలినపుడు దుమికి పాదముపై పడును. నట్టు నిలిచియున్నచో అది దానికి తగిలి ఆగును. మర ఏ దిక్కున తిరుగునో ముందే చూచుకొనుడు. ఎడమ మరను కుడి మర యనుకొని బిగించుచు బిగించుచు విరిచినవారు కలరు.

రెండవ విధము తలగల కీ. ఇది నూటికి ఒకటి చొప్పున సన్నగిలు ఇనుప చీలిక. పుల్లీకిని షాఫ్టునకును నడుమ గాడిలో కొట్టబడి యుండును. ఏండ్ల తరబడి కదలని కీ త్రుప్పుతో ఒకటై పోవును. ముందటి రాత్రియే కిరసనాయిలులో కొంచెము ఇంజను నూనె కలిపి గాడిలో పోసి విడువవలెను. ఉదయమున కీ తలకును పుల్లీ ముఖమునకును నడుమ ఉక్కు చీలికను పెట్టి సుత్తితో చిన్న దెబ్బలు కొట్టుచు రావలెను. రానిచో పుల్లీని, వెనుక చోటున్నంత మేరకు, కఱ్ఱదిమ్మ అడ్డము పెట్టి ఇంజను వైపునకు కొంచెము జరుపుడు. కీ లోనికి సన్నగిలునది గాన పుల్లీ లోనికి జరిగిన వెంటనే పట్టు వదలును. ఈ చిన్న కిటుకు తెలియక కీ తల విరుగగొట్టుకొని, తరువాత దానిని బరమాతో తొలిపించుకొనుటకు దినమంతయు పోగొట్టుకొందురు.

అప్పటికిని కదలనిచో కాగిన నీటిలో ముంచిన గుడ్డలను పుల్లీ నడిబొడ్డునకు చుట్టవలెను. పోతయినుము ఒక్కొక్క డిగ్రీ వేడికి తన కొలతలో సుమారు లక్షవ వంతు పెరుగును. 50 మిల్లీమీటర్ల రంధ్రము 50 డిగ్రీలు అధికముగా వేడెక్కినచో మిల్లీమీటరులో నలుబదవ వంతు విచ్చుకొనును. స్వల్పమే గాని, పట్టు విడుటకు తరచు అదియే చాలును. షాఫ్టు వేడెక్కకముందే లాగవలెను. డీజిలు తడిసిన పాకలో నిప్పుమంటతో కాచు పనికి ఎవ్వరును పూనుకొనరాదు.

సుత్తిని గూర్చి ఒక మాట. మన బస్తీలలో కొందరు మెకానిక్కులు సుత్తినే గురువుగా నెంచుదురు. పుల్లీ అంచు పోతయినుము. దానికి వంగుట తెలియదు, పగులుట మాత్రమే తెలియును. షాఫ్టుకొనపై కొట్టిన దెబ్బ నేరుగా బేరింగునకు పోవును. ఆ పగులు ఆనాడు కనబడదు. ఇంజను నడుచునపుడు అంచు ముక్క యెగిరినచో గోడను కూడ ఛేదించును. పగిలిన పుల్లీని ఇనుపపట్టీ వేసి వాడుదమను ఆలోచనకు మేము ఎంతమాత్రము సమ్మతింపము. ఇక పెద్ద చక్రములు ఒక్కొక్కటి వంద కిలోలకు మించి తూగును. వానిని తీయవలసిన పని రానంతవరకు ముట్టకుండుటయే మేలు.

పుల్లీ వచ్చిన పిదప మూత విప్పినచో పండ్లచక్రములు కనబడును. నాలుగు నడకల యింజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగినపుడు వాల్వులను నడుపు క్యాము షాఫ్టు ఒక్క చుట్టు తిరుగును. తయారు చేసినవారు పండ్లపై చుక్కలు కొట్టియుందురు. చుక్క చుక్కకు ఎదురుపడవలెను. క్రాంకు చక్రమునకు 30 పండ్లున్నవనుకొనుడు. ఒక్క పన్ను తప్పినచో 12 డిగ్రీలు తప్పినట్లు. చుక్కలు కనబడనిచో చక్రములను ఊడదీయుటకు ముందే మీరే ఉలితో గుర్తులు పెట్టుకొనవలెను. జ్ఞాపకమును నమ్మరాదు.

తరువాతిది, అన్నిటికంటె ముఖ్యమైనది, పైకొన. మెకానిక్కులు దీనిని టీడీసీ యందురు. చాల యింజనుల చక్రముపై దీని గుర్తు ఉండును. పాతవానిలో అది అరిగిపోయియుండును, లేదా చక్రమే మార్చబడి యుండును. అట్టి యింజను నొకదానిని మేము మొదటిసారి సరిచేయబోయినపుడు, తల విప్పి, పిస్టనుపై వ్రేలుంచి, చక్రమును త్రిప్పుచు, పిస్టను ఎదుగుట ఆగినచోటనే పైకొన యని తలచి గుర్తు పెట్టితిమి. అక్కడినుండి 20 డిగ్రీలు కొలిచి వేళ కుదిర్చితిమి. అంతయు సరిగనే చేసితిమను ధైర్యముతో హ్యాండిలు పట్టి త్రిప్పగా ఇంజను ఒక్కసారి వెనుకకు తన్నినది. హ్యాండిలు మాలో ఒకరి మణికట్టునకు తగిలి వాచినది. పది దినములు నల్లబల్లపై ఎడమచేతితో వ్రాయవలసి వచ్చినది. ఆ వ్రాతను చూచి బాలురు నవ్విరి; తప్పు మాదే గనుక మేమును నవ్వితిమి. అయితే ఆ దినము హ్యాండిలు పట్టవలసినవాడు ఒక తొమ్మిదవ తరగతి బాలుడు. వాడు వచ్చుట ఆలస్యమై మేము పట్టితిమి. ఆ తలంపు వచ్చినపుడు మాకు నవ్వు రాదు.

తప్పెక్కడ? పైకొన దగ్గర పిస్టను కదలిక కంటికిని వ్రేలికిని ఆననంత స్వల్పము. 5½ అంగుళముల నడకగల యింజనులో పైకొనకు 8 డిగ్రీలు ముందు పిస్టను ఇంకను ఎక్కవలసినది ఒక మిల్లీమీటరు కూడ లేదు. చక్రము అంచున మాత్రము ఆ 8 డిగ్రీలు నాలుగు సెంటీమీటర్లు. మేము పైకొన యనుకొన్నది పైకొన కాదు, దానికి ముందటి చోటు. డీజిలు 20 కి బదులు 28 డిగ్రీలు ముందుగా పడినది. చేతితో మెల్లగా త్రిప్పునపుడు అంత ముందుగా మంట పుట్టినచో పిస్టను పైకొన దాటలేక వెనుదిరుగును.

సరియైన పద్ధతి యిది. తల విప్పియున్నపుడే చేసికొనుట సులువు. పిస్టనుపై నిలువుగా ఒక సన్నని కడ్డీ నుంచి, సిలిండరు ముఖమునకు సరిగా దానిపై గీత గీయుడు. ఈ గీత పైకొనకు చాల క్రింద, పిస్టను చురుకుగా కదలుచున్న చోట నుండవలెను. పిస్టను ఎక్కుచు గీత ముఖమునకు సమమైనపుడు చక్రము అంచున, ఎదుటి స్థిరమైన సూదికి సరిగా, ఒక గుర్తు. పైకొన దాటి పిస్టను దిగుచు అదే గీత మరల సమమైనపుడు ఇంకొక గుర్తు. ఈ రెండు గుర్తుల నడిమధ్యయే నిజమైన పైకొన. జ్యామితిలో వృత్తఖండమును సమద్విభాగము చేయుట మన పిల్లలకు నేర్పుచునే యున్నాము. పొలమున దాని యుపయోగమిది.

అంచు చుట్టుకొలతను గుడ్డటేపుతో కొలువుడు. 180 సెంటీమీటర్లున్నదనుకొన్నచో డిగ్రీకి అర సెంటీమీటరు. 20 డిగ్రీలకు 10 సెంటీమీటర్లు. నడిచే దిక్కును చూచుకొని, పైకొన గుర్తు సూదివద్దకు వచ్చుటకు 10 సెంటీమీటర్లు ముందుగా సూదిని దాటునట్లు రెండవ గుర్తు పెట్టవలెను. ఇచ్చట దిక్కు పొరబడుట మిక్కిలి సులభము. ఇద్దరు వేరువేరుగా చూచి ఒప్పుకొనిన గాని ఉలి తీయరాదు.

ఇపుడు తల తిరిగి బిగించి, పంపునుండి నాజిలునకు పోవు సన్నని గొట్టమును పంపువద్ద విప్పుడు. ట్యాంకు కుళాయి తెరచి, గాలిబుడగలు పోవువరకు డీజిలును కారనిచ్చి, పంపు మీటను నిండుగా డీజిలు ఇచ్చు స్థానమున నుంచవలెను. పంపు మూతిలో నిలిచిన డీజిలును గుడ్డకొనతో కొంచెము అద్దినచో దాని పైపొర అద్దమువలె కనబడును. చక్రమును నడక దిక్కుననే, చీమనడకగా, త్రిప్పుచు ఆ పొరను చూచుచుండవలెను. అది మొదటిసారి చలించిన క్షణమే డీజిలు పడు వేళ. ఆ క్షణమున సూది రెండవ గుర్తుపై నున్నచో పని సరి. గుర్తు దాటిపోయినచో అక్కడినుండి వెనుకకు త్రిప్పి సరిపెట్టుకొనరాదు; పండ్ల నడుమ సందు లెక్కలోనికి వచ్చును. బాగుగా వెనుకకు పోయి మరల ముందుకు రావలెను. మేము మూడుసార్లు చూచి మూడును ఏకీభవించిన గాని నమ్మము.

తేడా యున్నచో సరిచేయుట సులువే. లిస్టరు వంటివానిలో పంపు క్రింది మరచీలను పైకి ఎత్తినచో వేళ ముందునకు, దించినచో వెనుకకు పోవును. అడుగున పలుచని రేకులు వేసి బిగించు పంపులలో రేకు తీసిన ముందునకు, చేర్చిన వెనుకకు. సరిచేసి మరల కొలువవలెను. గొట్టము బిగించిన పిదప నాజిలు పనిచేయుచున్నదో లేదో చూచుటకు దాని యెదుట చేయి పెట్టువారు కలరు. ఆ తుంపర చర్మమును దూసుకొని లోనికి పోవును. పైకి సూదిపోటువలె కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలసిన గాయమది.

నడిపినపుడు ఇంజనే తన సంగతి చెప్పును. సుత్తితో కొట్టినట్లు గట్టిగా టకటకలాడినచో వేళ ముందైనది. బలము తగ్గి, పొగ హెచ్చి, పొగగొట్టము మితిమీరి కాగినచో వెనుకబడినది. హ్యాండిలు పట్టునపుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల వైపుననే యుంచవలెను, చుట్టి పట్టుకొనరాదు. వెనుకకు తన్నినను చేయి జారి తప్పుకొనును. పుల్లీని తిరిగి ఎక్కించునపుడు షాఫ్టునకు పలుచగా గ్రీజు రాయుడు. కీని తుడిచి నూనె పూసి, బిగియువరకు మాత్రమే కొట్టి, ఒక గంట నడిపిన తరువాత ఇంజను ఆపి మరల ఒకసారి తట్టి చూడుడు. పంపు క్రింద ఎన్ని రేకులుండెనో, గుర్తుల నడుమ ఎన్ని సెంటీమీటర్లుండెనో పాక తలుపు లోపలివైపున రంగుతో వ్రాసి పెట్టుడు.