పదునులేని కత్తుల యుద్ధం

పల్నాటి వీరుల కథను మీలో కొందరు అమ్మమ్మ నోటనో తాతయ్య నోటనో వినే ఉంటారు. ఆ యుద్ధం జరిగిన కారెంపూడిలో ఇప్పటికీ ఏటా ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాయబారం, కోడిపోరు వంటి ఘట్టాల పేర్లే ఆ రోజులకు పెట్టారు. అది ఆరాధన కనుక అక్కడి నియమాలు ఆచారం నుంచి వచ్చాయి. ఇంగ్లండులో పాత యుద్ధాన్ని తలచుకునే పద్ధతి వేరు. అక్కడ దాన్ని జనం ముందు మళ్లీ నడిపి చూపిస్తారు. దీన్నే యుద్ధ పునఃప్రదర్శన అంటారు.

1066 అక్టోబరు 14న ఇంగ్లండు రాజు హెరాల్డ్‌తో నార్మండీ డ్యూక్ విలియం తలపడ్డాడు. పుస్తకాల్లో దీని పేరు హేస్టింగ్స్ యుద్ధం. నిజానికి అది జరిగింది హేస్టింగ్స్‌కు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో. అక్కడ తర్వాత వెలసిన ఊరి పేరు బ్యాటిల్, అంటే యుద్ధమే! హెరాల్డ్ మరణించాడు, విలియం రాజయ్యాడు. అక్టోబరు నెలలో ఆ ఊళ్లోనే ఔత్సాహికులు ఈ యుద్ధాన్ని మళ్లీ ఆడి చూపిస్తుంటారు. వీరిలో ఎక్కువమంది వేరే ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు.

పాల్గొనాలంటే ముందు వేషం కుదరాలి. ఆ కాలపు దుస్తులు, ఆయుధాలు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి పెద్ద ఆధారం బేయూ కుట్టుపని. దాదాపు 70 మీటర్ల పొడవున్న నార బట్ట మీద ఈ యుద్ధమంతా ఉన్నిదారంతో కుట్టారు. అందులో కనిపించే ముక్కుకడ్డీ ఉన్న శిరస్త్రాణం, పొడవాటి డాలు, ఇనుప రింగుల కవచం ఇక్కడా కావాలి. చేతి గడియారం, కళ్లద్దాలు, స్పోర్ట్స్ బూట్లు పనికిరావు. శిబిరంలో వంట చేసినా ఇదే పట్టింపు. బంగాళాదుంప, టమాటా వేయకూడదు. అవి 1492లో కొలంబస్ ప్రయాణం తర్వాతే అమెరికా నుంచి యూరప్‌కు వచ్చాయి. పచ్చిమిరపకాయా అంతే. మనవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదేనేమో!

కత్తులు ఉక్కువే, కానీ అంచులకు పదును ఉండదు. ఈటె మొనలను గుండ్రంగా అరగదీస్తారు, బాణాల చివర రబ్బరు తొడుగుతారు. ఒక్కో బృందం నియమావళి ఒక్కో తీరుగా ఉన్నా, ముఖం మీద, గొంతు మీద పొడవకూడదన్నది మాత్రం అందరూ ఒప్పుకున్న మాట. దెబ్బను తగిలేలోపే ఆపుకోవడం నేర్చుకోవాలి. అది వచ్చిందని బృందం పరీక్షించి చూశాకే మైదానంలోకి దిగనిస్తారు. చిన్నపిల్లలను పోరులోకి రానివ్వరు. వాళ్లు శిబిరంలో ఉన్ని వడకడం, వంట వంటి పనుల్లో ఉంటారు.

ఇక్కడొక చిక్కుంది. అందరూ అరుస్తూ, మూలుగుతూ పడిపోతుంటే, నిజంగా కాలు విరిగినవాడి కేకను ఎలా గుర్తుపట్టాలి? అందుకే ముందుగా ఒక మాట అనుకుంటారు. ఆ మాట వినబడగానే రాజుతో సహా ప్రతివాడూ కత్తి దించి నిలబడిపోవాలి. నా ఉద్దేశంలో మిగతా నియమాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఎదుటివాడు శత్రువు వేషంలో ఉన్నా, మన ప్రాణం అతని చేతిలోనే ఉంటుంది కదా.

మరి ఎవరు ఎప్పుడు చావాలి? క్రికెట్‌లోలా వేలెత్తే అంపైరు ఇక్కడ ఉండడు. గట్టి దెబ్బ తగిలిందని తనకు తెలిస్తే తనంతట తానే పడిపోవాలి. తగిలినా తగలనట్టు పోరాడుతూనే ఉండేవాణ్ణి తోటివారు ఇష్టపడరు. పడ్డాక కూడా జాగ్రత్త అవసరం. మీద నుంచి ఎవరైనా తొక్కుకుంటూ పోవచ్చు కనుక ముఖాన్ని కాపాడుకుంటూ కదలకుండా పడుకోవాలి.

హెరాల్డ్ పక్షాన నిలిచేవారికి మరో సంగతి కూడా ముందే తెలుసు. ఎంత బాగా పోరాడినా వాళ్లు గెలవరు. చరిత్రను మార్చే హక్కు ఎవరికీ లేదు. డాళ్ల గోడ చెదరాలి, రాజు కూలాలి, చివరిదాకా నిలిచిన మొనగాడు కూడా నేలకొరగాలి. అంతా అయ్యాక లేవమని పిలుపు వస్తుంది. చచ్చినవాళ్లంతా గడ్డి దులుపుకొని లేస్తారు. ఇరుపక్షాలూ కలిసి జనానికి నమస్కరించి, గడ్డిలో పడిపోయిన బాణాలు ఏరుకోవడం మొదలుపెడతాయి.