తోబియా ప్రయాణం: పరదేశం వెళ్లేవారికీ, ఇంట ఉండేవారికీ ఒక పాఠం

చదవవలసిన దివ్యగ్రంథ భాగములు: తోబీతు 4, 5, 10, 14 అధ్యాయాలు, యిర్మీయా 29:4-7



తెనాలి, బాపట్ల, రేపల్లె విచారణల్లో ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక గుడి ముందు కాసేపు నిలబడితే చాలు, ఎవరింటి కబురు విన్నా పరదేశం మాట రాకుండా ఉండదు. ఒకరి అబ్బాయికి అమెరికా వీసా వచ్చింది. ఇంకొకరి అమ్మాయి జర్మనీలో నర్సుగా చేరబోతున్నది. వేరొకరి చెల్లెలు కువైటు వెళ్లి మూడేళ్లయింది, ఇంకా రాలేదు.

ఊరు వదలి వెళ్లడం మనకు కొత్త కాదు. మన డెల్టా రైతులు నిజామాబాదు ప్రాంతానికీ, కర్ణాటకలోని తుంగభద్ర ఆయకట్టుకూ తరలిపోయి పొలాలు చేసుకున్నారు. అక్కడ వారు కట్టుకున్న ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ అనే మాట నేటికీ ఉన్నది. ఇంకా వెనక్కు వెళితే, 18వ శతాబ్దంలో రాయలసీమ నుండి వలస వచ్చిన కతోలిక కుటుంబాలు ఫిరంగిపురం వంటి ఊళ్లలో స్థిరపడ్డాయి. గుంటూరు సీమలో మన విశ్వాసం అలా వేళ్లూనింది. వలస వచ్చినవారి చేతుల మీదుగా విశ్వాసాన్ని అందుకున్న మనం వలసను తక్కువ చేసి మాట్లాడలేం.

శ్రీసభ కూడా వలస వెళ్లేవారిని మరువలేదు. 12వ భక్తినాథ పోపుగారు 1952 ఆగస్టు 1న వలసదారుల విషయమై ఒక అధికార పత్రాన్ని వెలువరించారు. ఐగుప్తుకు పారిపోయిన తిరుకుటుంబమే వలస వెళ్లే ప్రతి కుటుంబానికీ ఆదర్శమని అందులో బోధించారు. 2019 నుండి సాధారణంగా సెప్టెంబరు నెల చివరి ఆదివారాన్ని వలసదారుల, శరణార్థుల దినంగా శ్రీసభ పాటిస్తున్నది.

అయితే ఎలా సిద్ధపడాలి? కొందరు పెట్టె సర్దుకోవడమే సిద్ధపాటు అనుకుంటారు. మరికొందరు “అంతా దేవుడే చూసుకుంటాడు” అని చెప్పి, ఉన్న డబ్బంతా ఏజెంటు చేతిలో పోస్తారు. దివ్యగ్రంథంలో తోబీతు ఈ రెండూ చేయలేదు. నీనెవె నగరంలో ప్రవాసిగా ఉన్న ఆ గుడ్డి తండ్రి, మేదియా దేశంలో దాచిన సొమ్ము తెమ్మని తన ఒక్కగానొక్క కొడుకును దూరదేశం పంపుతూ ఏమేమి చేశాడో వరుసగా చూద్దాం.

1. కాగితం

తోబీతు రాగెసు నగరంలో గబాయేలు వద్ద పది తలాంతుల వెండి దాచాడు. నోటిమాట మీద కాదు. పత్రం రాసుకుని, దానిని రెండుగా చేసి, చెరొక సగం ఉంచుకున్నారు (5:3). కొడుకు చేతికి ముందుగా అందినది ఆ కాగితమే.

మన కాగితాలు చూసుకుందాం. మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. జ్ఞానస్నాన పుస్తకంలో ఒక పేరు, బడి సర్టిఫికెట్‌లో మరొక పేరు, ఆధారు కార్డులో ఇంటిపేరుకు బదులు ఒక పొడి అక్షరం. ఇవన్నీ పాస్‌పోర్టుతో సరిపోయేలా వీసాకు దరఖాస్తు చేయకముందే సరిచేసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె కూడా అందులో చేరింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. కనుక బాపట్ల, రేపల్లె వారి పాత పత్రాల్లో గుంటూరు జిల్లా అనీ, కొత్తవాటిలో బాపట్ల జిల్లా అనీ ఉంటుంది. అది తప్పు కాదు, కాని అడిగితే చెప్పగలగాలి.

గుడి నుండి తీసుకోవలసినవి జ్ఞానస్నాన పత్రం, భద్రమైన అభ్యంగన పత్రం, వివాహితులైతే వివాహ పత్రం. గుడి వివాహ పత్రంతో పాటు ప్రభుత్వ రిజిస్ట్రారు ఇచ్చే పత్రం కూడా దగ్గర ఉంచుకోవాలి. పెళ్లికాని పిల్లలు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి గుడిలో వివాహం చేసుకోదలిస్తే, ఆరు నెలల లోపు కొత్తగా తీసిన జ్ఞానస్నాన పత్రం అడుగుతారు. వివాహం జరిగితే ఆ సంగతి జ్ఞానస్నాన పుస్తకంలోనే రాస్తారు గనుక, ఆ వ్యక్తికి అంతకు ముందు పెళ్లి కాలేదని దాని వల్ల తెలుస్తుంది. ఎంత దూరం వెళ్లినా మీ పేరు మీ సొంత విచారణ పుస్తకంలోనే ఉంటుంది.

కాగితాలతో పాటు పెట్టె కూడా చూసుకోవాలి. అమ్మ ప్రేమతో కట్టే మసాలా పొట్లంలో గసగసాలు ఉంటే, సౌదీ, ఎమిరేట్సు, ఖతరు దేశాల్లో అది మత్తుపదార్థాల నేరం అవుతుంది. నొప్పి మాత్రలు, దగ్గు మందులు కొన్నింటికీ ఇదే నియమం; డాక్టరు చీటీ లేకుండా మందులు తీసుకువెళ్లవద్దు. “మా వాడికి ఇవ్వండి” అని ఎవరైనా పొట్లం తెస్తే, వారి ఎదుటే విప్పి చూడండి. వారు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

2. తోడు

దారి తెలిసిన నమ్మకస్తుడిని వెదకమని తోబీతు కొడుకుతో చెప్పాడు. వచ్చినవాడు రఫాయేలు దేవదూత. ఆ సంగతి తోబీతుకు తెలియదు. “నీది ఏ ఊరు, ఏ వంశం?” అని విచారించాడు. రోజుకు ఒక ద్రాక్మా కూలి, దారి ఖర్చులు అదనం అని ముందే మాట్లాడుకున్నాడు (5:9-15). దేవదూతనైనా ఊరూ పేరూ అడగకుండా కొడుకు వెంట పంపలేదన్నమాట! దీనిని అవిశ్వాసం అనలేం. దేవుడిచ్చిన బుద్ధిని వాడుకోవడమూ విశ్వాసంలో భాగమే.

మరి మనం ఏజెంటును ఏమని విచారించాలి?

మొదటిది, అతనికి లైసెన్సు ఉన్నదా? 1983 నాటి వలసల చట్టం ప్రకారం భారత ప్రభుత్వం వద్ద రిజిస్టరు అయినవారే విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలి. వారి జాబితా ‘ఈ-మైగ్రేట్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నది. వారు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. రెండు లక్షలు, మూడు లక్షలు అడిగేవాడు చట్టం దాటినట్టే.

రెండవది, వీసా ఏ రకం? పదో తరగతి పాసు కానివారు గల్ఫు దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అనుమతి తప్పనిసరి. ఈ అనుమతి కావలసిన స్త్రీలకు 30 ఏళ్లు నిండాలి. ఆ అనుమతి తప్పించడానికే కొందరు ఏజెంట్లు విజిటింగు వీసా మీద పంపుతారు. అలా వెళ్లినవారికి అక్కడ పనిచేసే హక్కు ఉండదు, జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడం కష్టం. ‘ఆజాద్ వీసా’ అని చెప్పేది కూడా మాయమాటే, అటువంటి వీసా చట్టంలో లేదు. కువైటులో ఇంటిపనికి 20 నంబరు వీసా, కంపెనీ పనికి 18 నంబరు వీసా. చెప్పిన పనీ వీసా నంబరూ ఒకటేనా అని చూసుకోవాలి.

మూడవది, ఒప్పందం చదివారా? కువైటులో 2015లో వచ్చిన ఇంటిపనివారి చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదనీ, వారానికొక సెలవు ఇవ్వాలనీ, యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోరాదనీ చెబుతున్నది. తన హక్కు తెలియని ఆడబిడ్డకు ఆ చట్టం ఉన్నా లేనట్టే.

చదువుకున్నవారికి మోసం జరగదని అనుకోరాదు. 2011 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతబడినప్పుడు వందలాది తెలుగు విద్యార్థులు వీధిన పడ్డారు. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరిట 129 మంది భారతీయ విద్యార్థులను అరెస్టు చేశారు. వారిలో ఎక్కువమంది తెలుగువారు. వీసా నిలబెట్టుకోవడానికి తెలిసే చేరారని అధికారులు అన్నారు. మోసపోయామని పలువురు విద్యార్థులు అన్నారు. ఆ యూనివర్సిటీని అమెరికా అధికారులే వల పన్నడానికి పెట్టారు. తరగతులు లేని కాలేజీ ఏదైనా, ఎవరు సిఫారసు చేసినా, దాని జోలికి పోరాదు.

3. అప్పు

తోబీతు కొడుకును పంపింది దాచిన సొమ్ము తెచ్చుకోవడానికి. మనం ఎక్కువగా అప్పు చేసి పంపుతున్నాం. లెక్క వేసి చూడండి. మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6,000, రెండేళ్లకు 1,44,000 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. విమానం ఎక్కకముందే భార్యాభర్తలు, తల్లిదండ్రులు కూర్చుని ఈ లెక్క కాగితం మీద వేయాలి. ఇల్లు తాకట్టు పెట్టేటప్పుడు ఆ ఇంట్లో ఉండే ముసలివారిని అడగాలి.

వలస అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, దానిపై పన్ను కడితే, ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షల రూపాయల రక్షణ. ఆ పాలసీ కాగితం ఇంట్లో ఎక్కడ ఉన్నదో ఇంటివారికి తెలియాలి.

4. ఇంట ఉండేవారు

కొడుకు గడప దాటగానే తల్లి అన్నా ఏడ్చింది. డబ్బు ఉంటే ఉంది, లేకుంటే లేదు, బిడ్డను ఎందుకు పంపావని భర్తను నిలదీసింది. తరువాత తోబీతు రోజులు లెక్కపెట్టుకున్నాడు. అన్నా రోజూ వెళ్లి దారి చూసింది (10:1-7). దివ్యగ్రంథం ఆ తల్లి కన్నీటిని దాచలేదు. మనం కూడా దాచవద్దు.

మన పాఠంలో అతి ముఖ్యమైనది ఇదే. వెళ్లేవారి సిద్ధపాటుకు ఆరు నెలలు పడుతుంది, ఉండేవారి సిద్ధపాటుకు ఒక పూట కూడా ఇవ్వం. అమ్మకు ఆయాసం వస్తే అర్ధరాత్రి ఆసుపత్రికి ఎవరు తీసుకుపోతారు? బ్యాంకు ఖాతాలో రెండవ సంతకం ఎవరిది? పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటే బడిలో ఎవరు సంతకం పెడతారు? భర్త కువైటులో ఉంటే భార్య కష్టసుఖాలు ఎవరితో చెప్పుకోవాలి? ఈ ప్రశ్నలకు పేరు పెట్టి జవాబు రాయాలి. “అందరూ ఉన్నారు కదా” అంటే ఎవరూ లేనట్టే.

ఇక్కడ విచారణకూ బాధ్యత ఉన్నది. వెళ్లే ముందు విచారణ గురువులను కలిసి, పాపసంకీర్తనం చేసి, దీవెన పొందండి. ఎక్కడికి వెళుతున్నారో, ఇంట ఎవరు మిగిలారో వారికి తెలపండి. ఉపదేశిగారు, మరియదళ సభ్యులు ఆ ఇళ్లకు వెళ్లి జపమాల చెప్పుకోవడం, మంచాన పడినవారికి దివ్య సత్ప్రసాదం అందేలా చూడడం పెద్ద సేవ.

5. అక్కడ నిలదొక్కుకోవడం

తల్లిదండ్రులను గౌరవంగా భూస్థాపన చేశాక, తోబియా భార్యాబిడ్డలతో మేదియాకు తరలిపోయి ఎక్బటానాలో స్థిరపడ్డాడు. అక్కడ అత్తమామల వృద్ధాప్యంలో వారిని ఆదరించాడు (14:12-13). బబులోనులోని ప్రవాసులకు రాసిన లేఖలో యిర్మీయా ప్రవక్త కూడా ఇళ్లు కట్టుకోమనీ, తోటలు వేసుకోమనీ, ఉన్న నగరపు మేలు కోరి ప్రార్థించమనీ చెప్పాడు. కాబట్టి అక్కడి భాష నేర్చుకోండి, చట్టం పాటించండి, ఇరుగుపొరుగుతో కలవండి.

వెళ్లిన మొదటి నెలలోనే గుడి వెదకండి. అమెరికాలో ఆదివారం పూజకు పోతే చాలదు, విచారణలో పేరు రాయించుకోవాలి. బిడ్డ జ్ఞానస్నానానికీ పెళ్లికీ అది అక్కరకు వస్తుంది. జర్మనీలో కతోలికులమని నమోదు చేయించుకున్నవారి నుండి ఆదాయపు పన్నులో 8 లేక 9 శాతం శ్రీసభ పన్నుగా తీసుకుంటారు. జీతం చీటీ చూసి కంగారుపడకండి. కువైటులో తిరుకుటుంబ కథీడ్రలు ఉన్నది. సెలవు శుక్రవారం గనుక ఆనాడు విశ్వాసులతో కిటకిటలాడుతుంది. సౌదీ అరేబియాలో గుడి లేదు. అక్కడికి వెళ్లేవారు జపమాల రహస్యాలు, ఉదయ సాయంకాల జపాలు కంఠస్థం చేసుకుని వెళ్లాలి. హృదయంలో ఉన్నదానిని ఏ సరిహద్దులోనూ తనిఖీ చేయలేరు.

కష్టం వస్తే దాచుకోకండి. భారత రాయబార కార్యాలయం, ‘మదద్’ అనే ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు, మన రాష్ట్రపు ప్రవాసాంధ్రుల సంస్థ ఉన్నాయి. నీనెవెలో తోబీతు దిక్కులేని తోటి ప్రవాసుల శవాలను తన చేతులతో పాతిపెట్టాడు. అక్కడ స్థిరపడినవారు కొత్తగా వచ్చినవారికి అంతటి తోడు కావాలి.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. మన ఇంట ప్రయాణమయ్యేవారి పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నదా?
2. ఏజెంటు లేక కాలేజీ గురించి మనం స్వయంగా ఏమి విచారించాం?
3. అప్పు తీరడానికి ఎన్ని నెలలు పడుతుంది? ఈ లోపు పని పోతే ఏమి చేస్తాం?
4. మన వీధిలో పిల్లలు దూరదేశంలో ఉన్న ముసలివారు ఎవరు? ఈ వారం వారిని ఎవరు పలకరిస్తారు?

ప్రార్థన

తోబియాకు దారి చూపిన ప్రభువా, మా బిడ్డలకు మంచి తోడు నివ్వండి. వారి రాకకై దారి చూస్తున్న తల్లిదండ్రులకు ఓర్పు నివ్వండి. మేము ఎక్కడ ఉన్నా మీ ఇంటివారమేనని మరువనీయకండి. ఆమెన్.