ఆ 35 మార్కుల వెనక

చెల్లీ, కెమిస్ట్రీ బ్యాక్‌లాగ్ ఇంకా తీరలేదని చెప్పి, "నా బుర్రకు చదువెక్కదక్కా" అన్నావు చూడు, ఆ మాట మటుకు నేనొప్పుకోను.

2020లో కాలేజీలు మూసేసి, సెప్టెంబర్ నుంచి ఆన్‌లైన్ పాఠాలన్నప్పుడు నువ్వు ఇంటర్ ఫస్టియర్. మన తిరుమలాయపాలెంలో పత్తి ఏరే రోజులొచ్చేశాయి. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ బాబాయి జేబులో చేను దాకా పోయేది. చీకటిపడ్డాక అది ఇంటికొస్తే ముందు తమ్ముడి వంతు. నీకు అన్నం, అంట్లు. ఆడపిల్ల ఇంటిపట్టున ఉంటే ఖాళీగా ఉన్నట్టే లెక్కేస్తారు మనోళ్లు, అదే నాకు కడుపుమంట. టీ-శాట్‌లో, యాదగిరి చానల్లో పాఠాలొచ్చాయి, మేలే చేశాయి. కానీ అర్థం కానిచోట ఆపి అడగడానికి ఎదురుగా సారు లేడు గదా! 2021 ఫిబ్రవరిలో కాలేజీలు తెరిచారో లేదో, మార్చిలో మళ్లీ మూసేశారు.

అక్టోబర్‌లో పరీక్షలు పెట్టారు. డిసెంబర్‌లో ఫలితాలొస్తే రాష్ట్రం మొత్తమ్మీద పాసైంది 49 శాతం. కొందరు పిల్లలు ప్రాణాలే తీసుకున్నారు. అప్పుడు ప్రభుత్వం ఫెయిలైనవాళ్లందరికీ 35 మార్కులేసి గట్టెక్కించింది. సరైన పనే, పిల్లల తప్పు కాదది. అయితే మెమోలో 35 పడింది గానీ, పోయిన పాఠాన్ని మళ్లీ ఎవరూ చెప్పలేదు.

డిగ్రీలో ల్యాబ్‌కెళ్లి బ్యూరెట్ కుళాయి తిప్పితే నీ చెయ్యి వణికింది. ఫినాఫ్తలీన్ ఒక్క చుక్క తేడాతో లేత గులాబీకి తిరగడం ఫోన్లో చూసినదానివే తప్ప చేత్తో చేసినదానివి కాదు. రంగు ముదిరిపోయింది, రీడింగ్ తప్పింది, పక్కమ్మాయి రికార్డు చూసి ఎక్కించుకున్నావు. ఆ లెక్కే పేపర్లో వచ్చి నిన్ను పడగొట్టింది.

నీకంటే పెద్ద బ్యాచ్‌ల సంగతీ ఇంతే. ఫైనలియర్ పరీక్షలు రాయకుండా డిగ్రీ ఇవ్వొద్దని 2020 ఆగస్టు 28న సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్ష ఉండాలా వద్దా అని ఢిల్లీ దాకా కొట్లాడారు. పాఠం అందిందా అని అడిగినవాళ్లు తక్కువ.

ఇప్పుడు గైడ్ బట్టీ పట్టకు. ఇంటర్ ఫస్టియర్ తెలుగు అకాడమీ పుస్తకం తీసి స్టాయికియోమెట్రీ దగ్గర మొదలుపెట్టు. మోల్ లెక్క చెయ్యి తిరిగేదాకా ముందుకు పోవద్దు. మీ మేడమ్‌ను ఒక్కపూట ల్యాబ్ అడుగు, సిగ్గుపడకు. పత్తి పనులని ఈసారి పరీక్ష మాత్రం మానొద్దు. బాబాయికి నేను చెప్తాలే.