సిమ్యులేటరా, సెస్నానా?

జక్రాన్‌పల్లి విమానాశ్రయం మాట మనం ఏళ్లుగా వింటున్నాం. అది వచ్చేలోపే ఆర్మూర్ పసుపు రైతుల బిడ్డలు కొందరు కాక్‌పిట్‌లో కూర్చోవాలని బయలుదేరారు. మేఘంలో పరికరాలు చూసి నడిపే అర్హతకు, అంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు, రెన్యువల్ దగ్గరపడగానే వాళ్లు అడిగేది ఒకటే: ప్రాక్టీసు సిమ్యులేటర్‌లోనా, సెస్నాలాంటి చిన్న విమానంలోనా? చెక్ దేనిమీద ఇవ్వాలో డీజీసీఏ నిబంధనలు చెబుతాయి. ప్రాక్టీసు సంగతి మాత్రం మనిషిని బట్టి ఉంటుంది.

1. లాగ్‌బుక్ గంటలు చూసి మురిసిపోకు.

పసుపు వ్యాపారి కొమ్ము మెరుపు చూసి ధర కట్టడు, విరిచి లోపలి రంగు చూస్తాడు. తేటగా ఉన్న ఆకాశంలో తిరిగిన గంటలు మేఘంలో అక్కరకు రావు. ఈ ఏడాది హోల్డింగ్ ఎన్నిసార్లు పట్టావు, ఐఎల్ఎస్ మీద ఎన్నిసార్లు దిగావు? ముందు అవి లెక్కపెట్టుకో.

2. పరికరం మొరాయిస్తే ఏం చేయాలో నేలమీదే నేర్చుకోవాలి.

సిమ్యులేటర్‌లో ఇన్‌స్ట్రక్టర్ చప్పుడు చేయకుండా వాక్యూమ్ పంపు ఆపేస్తాడు. యాటిట్యూడ్ ఇండికేటర్ ఒక్కసారిగా పడిపోదు, మెల్లగా ఓ పక్కకు ఒరుగుతుంది. దాన్ని సరిచేయబోయి కుర్రాడు విమానాన్నే ఒరిగిస్తాడు. కరెంటుతో నడిచే టర్న్ కోఆర్డినేటర్ పక్కనే నిజం చెబుతున్నా, చూపు అటు పోదు. అక్కడ ఫ్రీజ్ నొక్కి తప్పు చూపించవచ్చు, పది మైళ్ల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. గాల్లో ఆ వీలుండదు. మళ్లీ చుట్టు తిరిగి రావాలి, ఇంధనం బిల్లు పెరుగుతుంది.

2009 సెప్టెంబర్ 2న వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రయాణించిన బెల్ 430 హెలికాప్టర్ బేగంపేట నుంచి లేచి నల్లమలలో కూలింది. చెడు వాతావరణంలో, ఆయిల్ హెచ్చరిక దీపం వెలిగితే పైలట్లు ఆరు నిమిషాలకు పైగా దానితోనే సతమతమయ్యారని విచారణ నివేదిక చెప్పింది. దారి మార్చుకోవలసిన సమయం అందులోనే పోయింది. అది చదివాక నాకు నిద్రపట్టలేదు. 1934లో తపాలా మోస్తూ పైలట్లను పోగొట్టుకున్నాకే అమెరికా సైన్యం లింక్ ట్రైనర్లనే సిమ్యులేటర్లు కొన్నదని క్లాసులో పాఠం చెబుతూనే, బయటికొచ్చి సిమ్యులేటర్‌ను వీడియో గేమ్ అని ఎగతాళి చేసినవాణ్ని నేను.

3. చెవి అబద్ధమాడుతుంది.

మలుపు నిలకడగా సాగితే లోచెవిలోని ద్రవం కాసేపటికి దానితో సమంగా తిరుగుతుంది. తిరుగుతున్నామన్న స్పృహే పోతుంది. అప్పుడు ఒళ్లోంచి జారిన పెన్సిల్ కోసం వంగి తలెత్తావా, విమానం బోర్లాపడుతున్నట్టే ఉంటుంది. కదలని సిమ్యులేటర్‌కు ఈ వంచన చేతకాదు. కళ్లకు హుడ్ పెట్టుకుని, పక్కన సేఫ్టీ పైలట్‌ను కూర్చోబెట్టుకుని, మధ్యాహ్నపు కుదుపుల్లో ఓసారి సెస్నా ఎక్కాల్సిందే.

4. జేబును కూడా అడుగు.

వీలైతే ముందు సిమ్యులేటర్‌లో చేయి తిరగనిచ్చి, చెక్‌కు దగ్గరగా విమానం ఎక్కు. డబ్బు ఒక్కదానికే సరిపోతే, ఏడాదిగా మేఘం ముఖం చూడనివాడు సెస్నా ఎక్కాలి. రోజూ ఎగురుతూ ఎమర్జెన్సీ డ్రిల్ మరిచినవాడు సిమ్యులేటర్‌కు పోవాలి. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఈ రెండో రకమే ఎక్కువ బిడ్డా, ఒప్పుకునేవాళ్లే తక్కువ.