పాత గాయం – కొత్త సాధన

వ్యాయామాన్ని మాని, చాలా కాలానికి తిరిగి ప్రారంభించేవానికి మొదటి శత్రువు పూర్వపు బలాన్ని గురించిన జ్ఞాపకమే. విద్యార్థి దశలో తాలింఖానాలో ఎత్తిన బరువు నాకు గుర్తున్నది. అప్పుడు నడుము, భుజము దెబ్బతిన్న సంగతి మాత్రం మరచిపోయాను. ఆ బరువునే మళ్ళీ ఎత్తబోయి పది రోజులు మంచం పట్టాను.

దీనికి కారణం దేహనిర్మాణంలోనే ఉన్నది. కండరాలకు రక్తం సమృద్ధిగా అందుతుంది. అవి త్వరగా బలపడతాయి. కండరాన్ని ఎముకకు బంధించే స్నాయుబంధనాలకు అందే రక్తం తక్కువ. అవి నెలల తరబడి కాలం కోరుతాయి. వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్ళలకు పెద్దవారిలో రక్తనాళాలు దాదాపు ఉండవు. భుజపు కీలులోని గుంట లోతు తక్కువ. దానిని కుదురుగా నిలిపేవి ముఖ్యంగా నాలుగు చిన్న కండరాలు.

కండల వీరుడు ఫ్రాంకో కొలంబు 1977లో బరువు మోసే పరుగుపందెంలో మోకాలు తొలగి పడిపోయాడు. మిస్టర్ ఒలింపియా బిరుదును తిరిగి గెలిచినది 1981లో. ఆ నాలుగేళ్ళ వ్యవధిని విద్యార్థులు గమనించాలి.

కనుక ముందు వైద్యుని సలహా పొందాలి. తేలిక బరువుతో ఆరంభించి క్రమంగా పెంచాలి. కీలులో పోటు పుట్టినా, కాలు తిమ్మిరెక్కినా వెంటనే ఆపాలి. నేనిప్పుడు వట్టి కడ్డీనే ఎత్తుతున్నాను. శిష్యులు చూస్తున్నారన్న సిగ్గు కలుగుతున్నా, బరువు మాత్రం పెంచడం లేదు.