దగ్గరి తలుపు

మదనపల్లె, పుంగనూరు మొహల్లాల్లో ఎందరో తల్లిదండ్రుల కొడుకులు కువైట్‌లో, సౌదీలో ఉన్నారు. కుప్పం యువకులు కొందరు తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కి, ఇషా దాటాక ఇల్లు చేరుతున్నారు. వీరందరినీ కలిపి ఉంచుతున్నది ఫోనే. 2009లో వచ్చిన వాట్సాప్‌లో 2022 నుంచి ఒక్క గ్రూపులోనే 1024 మంది ఉండవచ్చు. రక్తం కావాలన్నా, మరణవార్త చేరాలన్నా ఇది మేలే. దీన్ని హరామ్ అనడం నా ఉద్దేశం కాదు.

అయితే ఒక మస్‌అలా చూడండి. తండ్రి చనిపోయాడు. కొడుకు కువైట్‌లో ఫోను తెరపై జనాజాను చూస్తున్నాడు. అక్కడి నుంచే ఇమాము వెనుక నియ్యత్ చేసి నమాజ్ చేయవచ్చా? చేయకూడదు. ఇమాము, ముక్తదీ ఒకే చోట ఉండాలన్నది హనఫీ ఫిఖాలో ఇక్తిదాకు షరతు. ఎదుట లేని మృతునికి జనాజా నమాజును షాఫియీ, హంబలీ ఫుఖహాలు అనుమతించారు గాని, మన హనఫీ మస్లక్‌లో అదీ లేదు. మరి గుసుల్ ఇచ్చేదెవరు? కఫన్ చుట్టేదెవరు? భుజం పట్టేదెవరు? ఇది ఫర్జె కిఫాయా. ఊరిలో కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ చేయకపోతే, తెలిసిన వారంతా పాపులవుతారు. గ్రూపులో వందమంది 'ఇన్నా లిల్లాహి' అని రాసినా ఆ ఫర్జ్ తీరదు.

దివ్య ఖుర్ఆన్ 4వ సూరా 36వ ఆయత్‌లో తన ఆరాధననూ, తల్లిదండ్రుల సేవనూ ఆదేశించిన చోటే అల్లాహ్ బంధువైన పొరుగువాణ్ణి, బంధువు కాని పొరుగువాణ్ణి కూడా చేర్చాడు. హజ్రత్ ఆయిషా (రజి) తనకు ఇద్దరు పొరుగువారున్నారనీ, కానుక ఎవరికి పంపాలనీ దైవప్రవక్త (స)ను అడిగారు. ఎవరి తలుపు దగ్గరగా ఉంటే వారికి పంపమని ఆయన (స) చెప్పారు (బుఖారీ). గమనించండి, ఇక్కడ కొలత తలుపు. ఎవరు ఇష్టులు, ఎవరి మాట మనతో కలుస్తుంది అన్న ప్రస్తావనే లేదు. గ్రూపు నచ్చకపోతే బయటికి వచ్చేస్తాం. పక్కింటి మురుగునీరు మన గుమ్మం ముందుకు వస్తే ఎక్కడికి పోతాం? మాట్లాడుకోవాలి, ఓర్చుకోవాలి.

పొరుగు అంటే నలువైపులా 40 ఇళ్ల వరకు అని హజ్రత్ హసన్ బస్రీ (రహ్మ) అన్నారు. మీ వీధిలో లెక్కపెట్టి చూడండి, ఎన్ని ఇళ్లవారి పేర్లు తెలుసో! నేను లెక్కపెట్టి సిగ్గుపడ్డాను.

ఆ ఇళ్లలో ముస్లిమేతరులవీ ఉంటాయి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోశారు. ఆయన వస్తూనే మన యూదు పొరుగింటికి పంపారా అని ఒకసారి అడిగి, మళ్లీ అడిగారు. పొరుగువారి గురించి జిబ్రీల్ (అలై) పదేపదే తాకీదు చేస్తుంటే, వారిని వారసులుగా కూడా చేస్తారేమోనని దైవప్రవక్త (స)కు అనిపించిందట. ఆ సంగతి తాను స్వయంగా విన్నానని ఇంటివారికి చెప్పారు (తిర్మిజీ).