గడప నుంచి పీఠం దాకా

దేవరకొండ



మధ్యయుగపు ఇంగ్లండులో ఊరి చర్చి పడమర నుంచి తూర్పుకు పొడవుగా సాగే కట్టడం. చాలాచోట్ల పడమటి కొసన గంటల గోపురం, నడుమ జనం నిలిచే శాల, తూర్పు కొసన పాదిరి పూజ జరిపే గది ఉండేవి. గుడిలో ముఖమండపం, అంతరాళం, గర్భగుడి ఒకదాని వెనుక ఒకటి వచ్చినట్టే ఇక్కడా లోపలికి పోయేకొద్దీ పవిత్రత పెరుగుతుంది. సామగ్రి అమరిక కూడా ఆ వరసనే పాటిస్తుంది.

సంఘంలో చేరిక బాప్తిస్మంతో మొదలవుతుంది గనుక బాప్తిస్మం తొట్టి తలుపు దగ్గరే ఉంటుంది. శాలలో చాలాకాలం బల్లలు లేవు. జనం నిలబడేవారు, ముసలివారికి గోడ వెంట రాతి అరుగులుండేవి. కొయ్య బల్లలు, ప్రసంగ వేదికలు 15వ శతాబ్దంలో బాగా వ్యాపించాయి. శాలను పూజగది నుంచి చెక్కడపు కొయ్యతెర వేరుచేసేది. దాని పైన సిలువ, ఇరుపక్కల మరియ, యోహాను బొమ్మలు నిలిచేవి. తెర అవతల పీఠం, పక్క గోడలో పూజపాత్రలు కడిగిన నీరు పోసే చిన్న తొట్టి. 16వ శతాబ్దపు మతసంస్కరణలో సిలువ బొమ్మలను దించేశారు, గోడచిత్రాల మీద సున్నం కొట్టారు.

అమరికలో పోలిక ఉన్నా, బరువు మోసే తీరులో గుడికీ చర్చికీ తేడా ఉంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పైకప్పు బరువును రాతిదూలాలు స్తంభాల మీదికి దించుతాయి. దూలం పొడవును బట్టే స్తంభాల ఎడం. గోథిక్ శైలి చర్చిలో ఆ పని మొనదేలిన కమానుది. అది బరువును ఎక్కువగా నిలువునా కిందికి పంపుతుంది. పక్కకు తోసే బలాన్ని బయటి ఊతగోడలు ఆపుతాయి. అందుకే గోడల్లో పెద్ద కిటికీలు తెరవగలిగారు.

తెలంగాణలో ఈ శైలికి పెద్ద ఉదాహరణ మెదక్ చర్చి. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరికేలా మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దీన్ని కట్టించారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు 175. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలు మూడు: క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం. బయట పొద్దు ఉన్నంతసేపే లోపలివారికి ఆ బొమ్మలు కనిపిస్తాయి.

డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన చర్చికి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. అక్కడ గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక కలిశాయి. స్తంభాల మీద తామరలు విచ్చాయి. రూపం ఈ నేలది. గడప నుంచి పీఠానికి నడిపించే వరస మాత్రం పాతదే.

ఇట్లు,
తాత